విండోస్ 11కు మారాక పేజ్‌మేకర్‌లో తెలుగు పడట్లేదు, ప్రింటరూ పలకట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి

నెల్లూరు డీటీపీ

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు ట్రంకురోడ్డు పక్క వీధిలో చిన్న డీటీపీ సెంటరు. పెళ్లికార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాల పని ఎక్కువ. కౌంటర్ కంప్యూటర్‌కు మొన్న ఆదివారం కొత్త ఎస్ఎస్‌డీ వేయించి విండోస్ 11 ఎక్కించాం. అంతకుముందు విండోస్ 10 ఉండేది. ఆన్ కావడం, ఇంటర్నెట్ అన్నీ బాగున్నాయి. పని మాత్రం నడవట్లేదు.

పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 తెరుచుకుంటోంది. తెలుగు టైపింగుకు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ ఆన్ చేసి టైప్ చేస్తే, నేను నొక్కేది ఒకటి, పడేది ఇంకొకటి. 'క' కొడితే ఏదో ఒత్తు ముక్క వస్తోంది. పాత కార్డులు తెరిస్తే లోపలి మ్యాటర్ సరిగ్గానే కనిపిస్తోంది గానీ హెడింగులు మాత్రం ఇంగ్లీషు గుర్తుల్లా మారిపోయాయి.

మూడోది ప్రింటరు. లోపలి గదిలోని పాత కంప్యూటర్‌కు లేజర్ ప్రింటరు తగిలించి ఉంది. దాన్ని కౌంటర్‌కు షేర్ చేసుకుని ఏళ్ల తరబడి వాడుతున్నాం. ఇప్పుడు కలపబోతే చివర 11బి అని ఉన్న ఎర్రర్ నంబరు వస్తోంది. ముహూర్తాలు దగ్గర పడ్డాయి, ప్రూఫుల కోసం జనం కూర్చుని ఉన్నారు, టెన్షన్‌గా ఉంది. విండోస్ ఎక్కించిన అబ్బాయి మళ్లీ ఫార్మాట్ కొడదాం అంటున్నాడు. కొట్టించమంటారా?

ఒంగోలు సర్వీస్

ఫార్మాట్ వద్దు తమ్ముడూ. మూడూ వేరువేరు జబ్బుల్లా ఉన్నాయి. ఫార్మాట్ కొట్టినా అవే మళ్లీ వస్తాయి. ముందు ఇవి చెప్పు.

పాత హార్డ్‌డిస్క్ ఏం చేశారు? దాన్ని చెరిపేయలేదు కదా?

నోట్‌ప్యాడ్ తెరిచి, ఫాంటు అను పెట్టుకుని టైప్ చేసి చూడు. అక్కడ తెలుగు సరిగ్గా పడుతోందా? వర్డ్‌ప్యాడ్ కోసం వెతకొద్దు, 24హెచ్2 వెర్షన్ నుంచి దాన్ని తీసేశారు.

హెడింగ్ ఫాంట్లు ఎలా ఎక్కించావు? మిగతా ఫాంట్లతో పాటే సీడీ నుంచి వచ్చాయా, విడిగా వేశావా?

నెల్లూరు డీటీపీ

పాత హార్డ్‌డిస్క్ బీరువాలో ఉందన్నా, ఎవరూ ముట్టలేదు. నోట్‌ప్యాడ్‌లో తెలుగు చక్కగా పడుతోంది! పేజ్‌మేకర్‌లోనే తేడా. హెడింగ్ ఫాంట్లు పెన్‌డ్రైవ్‌లో ఉంటే ఒక్కొక్కటి డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కాను.

ఒంగోలు సర్వీస్

అయితే రెండూ దొరికినట్టే.

మొదటిది కీబోర్డు. పేజ్‌మేకర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ చూడు. 'రన్ దిస్ ప్రోగ్రామ్ యాజ్ యాన్ అడ్మినిస్ట్రేటర్' దగ్గర టిక్ ఉంటుంది. విండోస్ 11లో పేజ్‌మేకర్ మొరాయిస్తే అందరూ ముందు చేసే పని ఆ టిక్ పెట్టడమే. ఇక్కడే చిక్కు. అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిచే ప్రోగ్రాముకు, మామూలు హోదాలో నడిచే ప్రోగ్రాము అక్షరాలు పంపకుండా విండోస్ అడ్డుకుంటుంది. విస్టా కాలం నుంచి ఉన్న భద్రతా ఏర్పాటు ఇది. నీ అను మేనేజర్ మామూలుగా నడుస్తోంది, పేజ్‌మేకర్ పై హోదాలో ఉంది. అందుకే నోట్‌ప్యాడ్‌కు అక్షరాలు అందుతున్నాయి, పేజ్‌మేకర్‌కు అందట్లేదు. రెండింటికీ ఆ టిక్ పెట్టు, లేదా రెండింటికీ తీసెయ్. ఒకదానికి ఉండి ఇంకోదానికి లేకపోతేనే ఇబ్బంది.

రెండోది ఫాంట్లు. విండోస్ 10లో 1809 వెర్షన్ వచ్చినప్పటి నుంచి ఫాంటును డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ కొడితే అది ఆ ఒక్క యూజర్ ఫోల్డర్‌లోకే పోతుంది. పాత ప్రోగ్రాములు కొన్ని ఆ ఫోల్డర్ వైపు చూడవు, సి డ్రైవ్‌లో విండోస్ లోపలున్న ఫాంట్స్ ఫోల్డర్‌నే చూస్తాయి. సీడీ ఇన్‌స్టాలర్‌తో వచ్చినవి అందరికీ ఎక్కాయి కాబట్టి నీ మ్యాటర్ బాగుంది. హెడింగ్ ఫాంట్లను తీసేసి, ఫైళ్లన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌లో 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' కొట్టు. విండోస్ 11లో అది వెంటనే కనిపించకపోతే 'షో మోర్ ఆప్షన్స్' లోపల ఉంటుంది. తర్వాత పేజ్‌మేకర్ మూసి తెరువు.

ఈ రెండూ చూసి చెప్పు. ప్రింటర్ సంగతి తర్వాత. అన్నీ ఒకేసారి కదిలిస్తే ఏది మార్చితే ఏది బాగయిందో తెలీదు.

అల్లూరు చెరువు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి, నాది ఫోన్ గురించి. రొయ్యల చెరువు మీద నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకు ఆటో స్టార్టర్ పెట్టించాం. కరెంటు పోయినా, మోటారు ఆగినా ఫోన్‌లో యాప్ మోగుతుంది. ఫోన్ అప్‌డేట్ అయిన తర్వాత ఆ మోత రావట్లేదు. పొద్దున లేచి యాప్ తెరిస్తే అప్పుడు వరుసగా మెసేజీలన్నీ పడుతున్నాయి. రాత్రి కాపలా మనిషి మెలకువగా ఉన్నాడు కాబట్టి జనరేటర్ వేశాడు, లేకపోతే పంట పోయేది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ టైంలో ఏరియేటర్ ఆగితే గంటల వ్యవధి కూడా ఉండదు. ఇది యాప్ తప్పా, ఫోన్ తప్పా?

ఒంగోలు సర్వీస్

అన్నా, మీది ముందు చూడాల్సిన పని. తెరవగానే మెసేజీలన్నీ వస్తున్నాయంటే యాప్ పని చేస్తోంది. స్క్రీన్ ఆరిపోయాక ఫోనే దాన్ని నిద్రపుచ్చుతోంది. కొన్ని ఫోన్లలో పెద్ద అప్‌డేట్ తర్వాత బ్యాటరీ సెట్టింగులు మొదటికి వచ్చేస్తాయి.

యాప్ ఐకాన్ మీద వేలు నొక్కి పట్టుకుని 'యాప్ ఇన్ఫో' తెరవండి. అందులో బ్యాటరీ అనే చోట 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టండి. అదే పేజీలో కింద, వాడని యాప్‌ను ఆపేసే ఆప్షన్ ఉంటుంది, అది ఆఫ్ చేయండి. కొన్ని కంపెనీల ఫోన్లలో 'ఆటో స్టార్ట్' అని విడిగా ఉంటుంది, అది ఆన్‌లో ఉండాలి. తర్వాత నోటిఫికేషన్లు. ఆండ్రాయిడ్ 13 నుంచి ప్రతి యాప్‌కూ నోటిఫికేషన్ అనుమతి విడిగా ఇవ్వాలి. అది ఇచ్చాక లోపలికి వెళ్లి అలారం విభాగానికి సౌండ్ ఉందో లేదో చూడండి. రాత్రిపూట 'డు నాట్ డిస్టర్బ్' పెట్టుకునే అలవాటుంటే మినహాయింపుల్లో ఈ యాప్‌ను చేర్చండి.

ఇంకో మాట. ఆండ్రాయిడ్ 14 నుంచి స్క్రీన్ మొత్తం నిండి మోగే హక్కును మామూలుగా కాల్ యాప్‌లకు, అలారం యాప్‌లకే ఇస్తున్నారు. మీ యాప్ అలా మోగేదైతే ఆ అనుమతి మీరే చేత్తో ఇవ్వాలి. 'స్పెషల్ యాప్ యాక్సెస్'లో 'ఫుల్ స్క్రీన్ నోటిఫికేషన్స్' అని ఉంటుంది.

అన్నీ పెట్టాక చెరువు దగ్గర మోటారు ఆపించి పరీక్షించండి. ఫోన్ చేతిలో పట్టుకుని కాదు, స్క్రీన్ ఆర్పి అరగంట పక్కన పెట్టాక. అప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

పొదిలి సేవా కేంద్రం

అన్నాయ్, మాదీ ఇలాంటిదే. వేలిముద్రతో డబ్బులిచ్చే కౌంటర్ నడుపుతున్నా. కంప్యూటర్ అప్‌డేట్ అయ్యాక బ్యాంకు పోర్టల్లో 'డివైస్ నాట్ రెడీ' అంటోంది. మిషన్‌లో లైటు వెలుగుతోంది. వేలిముద్ర మిషన్‌ను నడిపే ఆర్‌డీ సర్వీసు ప్రోగ్రామును రెండుసార్లు తీసి మళ్లీ వేశాను. పింఛను డబ్బులు తీసుకుందామని వచ్చిన ముసలోళ్లు తిరిగి పోతుంటే చూడలేకపోతున్నా.

కావలి లెక్చరర్

మీ దగ్గర అప్‌డేట్ అయింది విండోస్ ఒక్కటేనా, క్రోమ్ కూడానా? క్రోమ్ తనంతట తానే మారిపోతుంది కాబట్టి చాలామంది గమనించరు.

పోర్టల్ నేరుగా మిషన్‌తో మాట్లాడదు. మీ కంప్యూటర్లో ఆర్‌డీ సర్వీసు 11100 నుంచి 11120 వరకు ఉన్న పోర్టుల్లో ఒకదాని దగ్గర కాచుకుని ఉంటుంది. వెబ్‌సైట్ బ్రౌజర్ ద్వారా ఆ పోర్టును పలకరించి వేలిముద్ర అడుగుతుంది. క్రోమ్ 142 నుంచి ఒక వెబ్‌సైట్ ఇలా మీ కంప్యూటర్ లోపలి సేవను పలకరించాలంటే ముందు మీ అనుమతి అడుగుతోంది. హడావుడిలో ఎవరైనా 'బ్లాక్' నొక్కి ఉంటే ఇక ఆ పోర్టల్‌కు మిషన్ కనిపించదు. మీరు ఆర్‌డీ సర్వీసును ఎన్నిసార్లు వేసినా ఫలితం ఉండదు.

పోర్టల్ తెరిచి అడ్రస్ బార్ ఎడమ పక్కనున్న గుర్తు నొక్కండి. సైట్ సెట్టింగ్స్‌లో 'లోకల్ నెట్‌వర్క్ యాక్సెస్' అని ఉంటుంది. దాన్ని 'అలౌ' చేసి పేజీ రీలోడ్ చేయండి. బ్యాంకు పోర్టల్‌కు మాత్రమే ఇవ్వండి, అడిగిన ప్రతి సైటుకూ ఇవ్వకండి.

పొదిలి సేవా కేంద్రం

సార్, అదే! బ్లాక్‌లో ఉంది. మా దగ్గర పనిచేసే అబ్బాయి నొక్కి ఉంటాడు. అలౌ చేయగానే వేలిముద్ర తీసుకుంది. మీకు పుణ్యముంటుంది.

దర్శి మాస్టారు

నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. పైవన్నీ చదివాక ఒక మాట అడగాలనిపిస్తోంది. డీటీపీ అబ్బాయి పని ఆగింది, రైతుకు పంట పోబోయింది, పింఛనుదారులు తిరిగి పోయారు. అన్నింటికీ మూలం అప్‌డేటే కదా. నడుస్తున్న యంత్రాన్ని ఎందుకు కదిలించాలి? నా ఫోన్‌లో నేను ఆపేశాను. నాకు ఏ ఇబ్బందీ లేదు.

కావలి లెక్చరర్

మాస్టారూ, మీ బాధలో న్యాయం ఉంది. చెప్పాపెట్టకుండా మార్చేయడం, మార్చాక పాత సెట్టింగులు చెరిపేయడం తప్పే. కానీ ఆపేయడం వల్ల వచ్చే ప్రమాదం కూడా చూడండి.

2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ వైరస్ దూరిన కంతను పూడ్చే అప్‌డేట్ ఆ ఏడాది మార్చిలోనే వచ్చేసింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు.

తెలుగువాళ్లం మరిచిపోకూడనిది ఇంకొకటుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజ్‌గా వస్తే ఐఫోన్లు, మాక్‌లు కుప్పకూలేవి. జ, ఞ ఒత్తు, ఆ పైన కంటికి కనిపించని ఒక గుర్తు, తర్వాత దీర్ఘం, ఇదీ ఆ కూర్పు. దాన్ని చూపించబోయి మెసేజ్ యాప్ ఆగిపోయేది, మళ్లీ తెరిస్తే మళ్లీ ఆగేది. అదే నెలలో ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. మన లిపిలోని అక్షరానికి వచ్చిన చిక్కు అప్‌డేట్‌తోనే తీరింది.

విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. డబ్బులు, ఆధార్, బ్యాంకు పనులు జరిగే కంప్యూటర్‌ను అలా వదిలేయడం నాకు భయం. మార్చే రోజు మనం ఎంచుకోవాలి, అంతవరకు మీతో ఏకీభవిస్తాను. ఫోన్లో నెలవారీ భద్రతా అప్‌డేట్ త్వరగా వేసుకోండి. ఆండ్రాయిడ్ వెర్షన్ మారే పెద్ద అప్‌డేట్‌ను కొన్ని వారాలు ఆగి, మీ మోడల్ వాడేవాళ్లు ఏమంటున్నారో చూసి వేసుకోండి. విండోస్‌లో కూడా 'పాజ్ అప్‌డేట్స్' ఉంది, కొన్ని వారాలు ఆపుకోవచ్చు.

దర్శి మాస్టారు

బ్యాంకు యాప్ నా ఫోన్‌లోనూ ఉంది. నెలవారీది వేసుకుంటాను. పెద్దది మాత్రం మా మనవడు సంక్రాంతికి వచ్చినప్పుడే.

నెల్లూరు డీటీపీ

అన్నా, టిక్ నువ్వు చెప్పినట్టే పేజ్‌మేకర్‌కు ఉంది, అనుకు లేదు. దానికీ పెట్టాను. తెలుగు పడుతోంది! హెడింగ్ ఫాంట్లు కూడా ఆల్ యూజర్స్‌కు వేశాక వచ్చేశాయి. ఒక కార్డులో మాత్రం లైన్లు జరిగిపోయాయి. నాలుగు లైన్లలో సరిపోయే మ్యాటర్ ఐదో లైనుకు పోయింది. ఇదేంది?

ఒంగోలు సర్వీస్

అది ప్రింటర్ వల్ల. పేజ్‌మేకర్ ప్రతి ఫైలునూ ఒక ప్రింటర్‌కు తగ్గట్టు సర్దుకుంటుంది. నీ లేజర్ ప్రింటరు లేదు కాబట్టి వేరే ప్రింటర్ లెక్కన లైన్లు మళ్లీ కట్టింది. ఇప్పుడు సేవ్ కొట్టొద్దు. కొడితే ఆ సర్దుబాటే ఖాయమైపోతుంది. ప్రింటరు కలిపాకే పాత ఫైళ్లు తెరువు.

సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ దగ్గర 'లెట్ విండోస్ మేనేజ్ మై డీఫాల్ట్ ప్రింటర్' అని ఉంటుంది, అది ఆఫ్ చెయ్. ఆన్‌లో ఉంటే చివర వాడిన ప్రింటర్‌ను విండోసే డీఫాల్ట్ చేసేస్తుంది. ఒకసారి పీడీఎఫ్ తీస్తే చాలు, నీ డీఫాల్ట్ మారిపోతుంది.

ఇక షేరింగ్. 11బి ఎర్రర్ 2021లో ప్రింటింగ్ లోపాలను మూసేందుకు వచ్చిన అప్‌డేట్ల నుంచి మొదలైంది. ఒక కంప్యూటర్‌కు అప్‌డేట్ ఉండి ఇంకోదానికి లేకపోతే రెండింటికీ మాట కలవదు. లోపలి కంప్యూటర్‌కు ఎంతకాలంగా అప్‌డేట్లు వేయలేదు?

నెల్లూరు డీటీపీ

ఆ కంప్యూటర్‌కు నెట్టే ఇవ్వలేదన్నా. విండోస్ 10 ఎక్కించిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. అది పాత ప్రాసెసర్, 11కు పనికిరాదన్నారు. ఎర్రర్ పోవడానికి విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఒక విలువ సున్నా చేయమని ఒక వీడియోలో చూశాను. చేయనా?

ఒంగోలు సర్వీస్

వద్దు. అది పనిచేస్తుంది గానీ, మూసిన తలుపును మళ్లీ తెరిచినట్టు. ఆ లోపాన్ని పూడ్చిన రక్షణనే అది తీసేస్తుంది.

లోపలి కంప్యూటర్‌కు రెండు రోజులు నెట్ ఇచ్చి అప్‌డేట్లన్నీ వేయించు. 22హెచ్2 వెర్షన్‌కు వచ్చాక, అప్‌డేట్ పేజీలోనే అదనపు భద్రతా పథకంలో చేరే ఆప్షన్ కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగులు సింక్ చేస్తే డబ్బులు కట్టకుండా చేరొచ్చు. 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఆ తర్వాత ఆ మిషన్ సంగతి ఆలోచించుకోవాలి.

తర్వాత దానిలో ఒక లోకల్ యూజర్‌ను సృష్టించి పాస్‌వర్డ్ పెట్టు. మన దగ్గర చాలా షాపుల్లో షేరింగ్‌కు పాస్‌వర్డే ఉండదు, 'ఎవరైనా రావచ్చు' అన్నట్టు నడుస్తుంది. విండోస్ 11 ప్రో 24హెచ్2 అలాంటి గెస్ట్ షేరింగ్‌ను ఒప్పుకోదు. అందుకే కొందరికి ప్రింటరే కాదు, షేర్డ్ ఫోల్డర్ కూడా తెరుచుకోదు. ఇప్పుడు కౌంటర్ కంప్యూటర్లో కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, 'విండోస్ క్రెడెన్షియల్స్'లో లోపలి కంప్యూటర్ పేరు, ఆ యూజర్ పేరు, పాస్‌వర్డ్ చేర్చు. పాత ప్రింటర్ ఎంట్రీని తీసేసి మళ్లీ కలుపు.

ఇవాళే ప్రింట్ కావాలంటే వైరు తీసుకొచ్చి కౌంటర్‌కు నేరుగా తగిలించు. అందులో నామోషీ ఏం లేదు, ప్రూఫులు ఆగకూడదు.

సింగరాయకొండ బీటెక్

అన్నా, నా ల్యాప్‌టాప్ అప్‌డేట్ తర్వాత నీలం స్క్రీన్ వచ్చి రికవరీ కీ అడుగుతోంది. 48 అంకెలట. నేనెప్పుడూ అలాంటి తాళం పెట్టలేదు. ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది. షాపువాళ్లు ఫార్మాట్ తప్ప మార్గం లేదంటున్నారు.

కావలి లెక్చరర్

అమ్మా, ఫార్మాట్ మాట ఎత్తనివ్వకు. అది బిట్‌లాకర్, డిస్కుకు విండోస్ వేసే తాళం. విండోస్ 11తో వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి లాగిన్ కాగానే డిస్కుకు తాళం తనంతట తానే పడుతుంది, దాని కీ ఆ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది. బయోస్ అప్‌డేట్ అయినప్పుడో, బూట్ సెట్టింగు మారినప్పుడో ఇలా కీ అడుగుతుంది.

స్క్రీన్ మీద కీ ఐడీ అని ఉంటుంది, దాని మొదటి ఎనిమిది అక్షరాలు రాసుకో. ఫోన్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ వెబ్‌సైట్‌కు లాగిన్ అయి, డివైసెస్‌లో నీ ల్యాప్‌టాప్ దగ్గర రికవరీ కీలు చూడు. ఐడీ సరిపోయిన కీని కొట్టు.

సింగరాయకొండ బీటెక్

నా అకౌంట్‌లో ఒక్క కీ కూడా లేదు సార్. ఏం చేయాలో తోచట్లేదు.

ఒంగోలు సర్వీస్

కొన్న రోజు ల్యాప్‌టాప్ మొదటిసారి ఆన్ చేసి సెట్ చేసింది ఎవరు, నువ్వా, అమ్మినవాళ్లా?

సింగరాయకొండ బీటెక్

షాపులోనే చేసిచ్చారు. నేను ఇంటికొచ్చాక నా మెయిల్ చేర్చుకున్నా.

ఒంగోలు సర్వీస్

అయితే కీ వాళ్ల మెయిల్ అకౌంట్‌లో ఉండొచ్చు. బిల్లు తీసుకుని వెళ్లు, ఆ రోజు ఏ మెయిల్‌తో సెట్ చేశారో అడుగు, వాళ్ల ముందే తెరిపించి ఐడీ పోల్చి చూడు. దొరికితే లోపలికి వెళ్లగానే మొదట ప్రాజెక్టు కాపీ చేసుకో. తర్వాత సెట్టింగ్స్‌లో వాళ్ల అకౌంట్ తీసేసి, కీని నీ అకౌంట్‌లోకి బ్యాకప్ చేయించి, కాగితం మీద కూడా రాసి ఇంట్లో పెట్టుకో.

కొత్త ల్యాప్‌టాప్ కొనేవాళ్లందరికీ చెబుతున్నా. షాపులో పని తొందరగా అయిపోతుందని వాళ్ల మెయిల్ పెట్టనివ్వకండి. ఇలా వచ్చినవాళ్లలో కొందరి డేటా నేను కూడా తీయలేకపోయాను. కీ లేకుండా బిట్‌లాకర్ తీయడం ఎవరివల్లా కాదు. తీస్తామని డబ్బులడిగేవాళ్లను నమ్మకండి.

నిర్వాహకులు

ఈ చర్చలో ఒక కొత్త సభ్యుడు 'విండోస్ కస్టమర్ కేర్' అంటూ ఫోన్ నంబరు పెట్టాడు. ఆ పోస్టు తొలగించాం. ఆ నంబరుకు ఫోన్ చేస్తే మీ స్క్రీన్ వాళ్లకు కనిపించే యాప్ వేయించి, ఓటీపీలు లాగే ప్రమాదముంది. ఇప్పటికే చేసి డబ్బు పోయినవాళ్లు ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

అల్లూరు చెరువు

ఒంగోలు అన్నకు దండాలు. బ్యాటరీ దగ్గర 'ఆప్టిమైజ్డ్' అని ఉంది, ఆటో స్టార్ట్ ఆఫ్‌లో ఉంది. రెండూ మార్చాను. నువ్వు చెప్పినట్టే ఫోన్ మంచం మీద పెట్టి అరగంట తర్వాత మోటారు ఆపించా, గట్టిగా మోగింది. మా పక్క చెరువుల వాళ్లకు కూడా చూపిస్తున్నా. స్టార్టర్‌లో సిమ్ ఉంది కదా, యాప్‌తో పాటు నేరుగా ఫోన్ కాల్ వచ్చేలా పెట్టుకోవచ్చా?

ఒంగోలు సర్వీస్

కాల్ సదుపాయం ఉంటే తప్పకుండా పెట్టుకోండి అన్నా. కాల్‌కు నెట్ అక్కర్లేదు, బ్యాటరీ సెట్టింగులతో పని లేదు. మీ నంబరుతో పాటు కాపలా మనిషి నంబరు కూడా ఎక్కించండి. ఆ సిమ్ రీచార్జి అయిపోకుండా చూసుకోండి.

కావలి లెక్చరర్

డీటీపీ మిత్రుడికి ఒక సూచన. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఈసారి గట్టెక్కారు, సంతోషం. కానీ దాన్ని తయారుచేసినవాళ్లే ఏనాడో వదిలేశారు. విండోస్ 11లో 64 బిట్ తప్ప లేదు కాబట్టి ఆ కాలపు 16 బిట్ ఇన్‌స్టాలర్లు అసలు నడవవు. యూఎస్‌బీ తాళంతో నడిచే పాత సాఫ్ట్‌వేర్లకు ఇంకో గండం ఉంది. 'మెమరీ ఇంటిగ్రిటీ' అనే భద్రతా ఏర్పాటు ఆన్‌లో ఉంటే వాటి పాత డ్రైవర్లను విండోస్ ఎక్కనివ్వదు. విండోస్ సెక్యూరిటీలో 'కోర్ ఐసొలేషన్' తెరిస్తే సరిపడని డ్రైవర్ల పేర్లు చూపిస్తుంది. దాన్ని ఆఫ్ చేసే ముందు కొత్త డ్రైవర్ ఉందేమో కంపెనీ సైట్‌లో చూడండి.

కొత్త కార్డులైనా, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే చదవగలిగే యూనికోడ్‌లో మొదలుపెట్టండి. పేజీలు కూర్చే కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు పెట్టినప్పుడు ఒత్తులు విడిపోతే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో 'వరల్డ్ రెడీ కంపోజర్' ఎంచుకోండి, సర్దుకుంటుంది. గౌతమి, వాణి ఫాంట్లతో చేసిన పాత వర్డ్ ఫైళ్లు ఉంటే అవి కూడా మారిపోయి కనిపించవచ్చు. విండోస్ 10 నుంచి ఆ రెండూ మామూలుగా రావట్లేదు. 'ఆప్షనల్ ఫీచర్స్'లో 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' వేసుకోవాలి.

నెల్లూరు డీటీపీ

సార్, యూనికోడ్‌లో పెళ్లికార్డుకు పనికొచ్చే సొగసైన ఫాంట్లు తక్కువని ఇన్నాళ్లూ జంకాను. మా కస్టమర్లు పాత కార్డు తెచ్చి 'అచ్చం ఇలాగే' అంటారు. అయినా కరపత్రాలతో మొదలుపెడతాను.

ప్రింటరు సంగతి. నిన్న వైరు ఇటు లాగి ప్రూఫులు ఇచ్చేశాను. రాత్రంతా లోపలి కంప్యూటర్‌కు అప్‌డేట్లు ఎక్కాయి. యూజర్, పాస్‌వర్డ్ పెట్టి క్రెడెన్షియల్ మేనేజర్‌లో చేర్చాక షేరింగ్ ఒప్పుకుంది. ఎర్రర్ లేదు. ఆ జరిగిపోయిన కార్డు తెరిస్తే నాలుగు లైన్లలోనే ఉంది.

ఒక్క సందేహం మిగిలింది. బీరువాలోని పాత హార్డ్‌డిస్క్‌ను చెరిపి బ్యాకప్‌కు వాడుకోనా? మా తమ్ముడి కంప్యూటర్‌ను కూడా 11కు మార్చాలి, దానికైతే ఎస్ఎస్‌డీ మార్చకుండా పైనే అప్‌గ్రేడ్ చేస్తాం.

ఒంగోలు సర్వీస్

హార్డ్‌డిస్క్‌ను ఈ సీజన్ అయ్యేదాకా ముట్టుకోకు. ఏదో ఒక పాత కార్డుకు ఎవరూ గుర్తుపెట్టుకోని ఫాంటు కావాల్సి వస్తుంది, అది దాంట్లోనే ఉంటుంది. ఈలోపు తరచూ వాడే కార్డులన్నీ ఫాంట్లు ఫైలు లోపలే ఉండేలా ఎంబెడ్ చేసి పీడీఎఫ్ తీసి పెట్టుకో.

తమ్ముడి కంప్యూటర్‌కు పైనే అప్‌గ్రేడ్ చేస్తే సి డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే పెద్ద ఫోల్డర్ కనిపిస్తుంది. ఖాళీ లేదని దాన్ని చెరపొద్దు. పదిరోజుల లోపు సెట్టింగ్స్‌లో రికవరీ దగ్గర 'గో బ్యాక్' కొట్టి విండోస్ 10కు వెనక్కి రావాలంటే ఆ ఫోల్డరే ఆధారం. పదిరోజులు దాటితే విండోసే దాన్ని తీసేస్తుంది. మార్చే ముందు విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు టీపీఎం 2.0 ఉందో లేదో హెల్త్ చెక్ యాప్‌తో చూసుకోండి. యూపీఎస్ లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు, ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం.

సింగరాయకొండ బీటెక్

కీ షాపువాళ్ల అకౌంట్‌లోనే ఉంది అన్నా! ఐడీ సరిపోయింది, ల్యాప్‌టాప్ తెరుచుకుంది. ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌లోకి, గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఇప్పుడు వాళ్ల అకౌంట్ తీసేస్తున్నా. తీసేశాక కీ మారుతుందా, పాతదే ఉంటుందా?

ఒంగోలు సర్వీస్

పాతదే ఉంటుందమ్మా, అది వాళ్ల దగ్గర కూడా ఉన్నట్టే లెక్క. అందుకని డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే ఆ డిస్కు తాళాన్ని ఒకసారి ఆఫ్ చేసి, డిస్కు మొత్తం విడిపడేదాకా చార్జర్ పెట్టి ఆగు. తర్వాత నీ అకౌంట్‌తో మళ్లీ ఆన్ చెయ్. కొత్త కీ తయారై నీ అకౌంట్‌లో చేరుతుంది. అక్కడ ఐడీ కనిపించాకే ల్యాప్‌టాప్ మూయి.